డోర్‌బెల్ కెమెరాలో ప్యూమా కనిపించింది, పట్టించి పంపించేయొచ్చా?

అడిగినావిడ రాసింది క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియాలోని సారటోగా పైన కొండవాలులో ఇల్లు కొనుక్కున్నారు. ఒంగోలు నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చారు. మొన్న రాత్రి మూడింటికి డోర్‌బెల్ కెమెరాలో ఒక ప్యూమా, అంటే ఇక్కడివాళ్ళు మౌంటెన్ లయన్ అనేది, డ్రైవ్‌వే మీదుగా నడిచిపోయింది. నాన్నగారు ఐదున్నరకే వాకింగ్‌కి బయల్దేరే మనిషి. ఇంట్లో ఆరేళ్ళ పాప, ఒక చిన్న కుక్క. వీధి వాట్సాప్ గ్రూపులో సగం మంది దాన్ని పట్టించి దూరంగా అడవిలో వదిలించాలంటున్నారు. అమ్మగారు తిరుమల నడకదారి సంగతి తలుచుకుని నిద్రపోవడం లేదు. ఇల్లు అమ్మేయాలా అని కూడా అడిగారు.

అమ్మొద్దు. పట్టించమని అర్జీ కూడా పెట్టొద్దు. ఈ శాంటా క్రూజ్ కొండల్లో ప్యూమాల ఆనవాళ్ళు వెతకడం, కెమెరాలు కట్టడం, మేకలు పోగొట్టుకున్నవాళ్ళ దొడ్లు చూసి ఏం మార్చాలో చెప్పడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ కొండ మీద వయసొచ్చిన ప్యూమా ఒకటి స్థిరపడి ఉండటమే మీ ఇంటికి క్షేమం.

ముందు ఆ వీడియో సంగతి. మీరు రాసినదాన్నిబట్టి అది ఆగలేదు, ఇంటి వైపు తలెత్తలేదు, తన దారిన తాను పోయింది. కొండ మీద నుంచి వాగులోకి దిగే ప్యూమా ఆ వేళప్పుడు చేసే పనే అది. కొత్తగా వచ్చింది ప్యూమా కాదు, కెమెరా. రాష్ట్రం మొత్తం మీద 3,200 నుంచి 4,500 దాకా ఉంటాయని 2024లో బయటికొచ్చిన అంచనా. అంతకు ముందు చాలాకాలం 6,000 దాకా ఉండొచ్చని చెప్పుకునేవారు. ప్యూమాలు పెరిగిపోయి ఊళ్ళ మీద పడుతున్నాయన్న మాటకి ఆ లెక్కల్లో ఆధారం లేదు.

ఇక ప్రమాదం సంగతి, దాచకుండా చెబుతాను. 1909లో మోర్గన్ హిల్ దగ్గర రేబిస్ సోకిన ప్యూమా ఒకటి ఒక మహిళను, ఒక పిల్లవాణ్ణి కరిచింది. ఇద్దరూ తర్వాత చనిపోయారు. ఆ పైన దశాబ్దాల పాటు కాలిఫోర్నియాలో ప్యూమా వల్ల మరణం లేదు. 1994లో ఇద్దరు పోయారు, 2004లో ఒకరు. ఇరవై ఏళ్ళ తర్వాత 2024 మార్చిలో ఎల్ డొరాడో కౌంటీలో ఇద్దరు అన్నదమ్ముల మీద దాడి జరిగి ఒకరు చనిపోయారు. దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న రాష్ట్రంలో ఇది చాలా చిన్న సంఖ్య. కానీ సంఖ్య చెప్పేసి మిమ్మల్ని ఊరుకోమనను. మీ దగ్గర్లోనే రెండు జరిగాయి, రెండూ పిల్లల మీదే. 2014 సెప్టెంబరులో కుపర్టినో పక్కన పికెట్టి రాంచ్‌లో అమ్మానాన్నలకి కొన్ని అడుగుల ముందు నడుస్తున్న ఆరేళ్ళ బాబును పట్టుకుంది. పెద్దవాళ్ళు అరుస్తూ మీదికి వెళ్ళేసరికి వదిలేసింది. 2020 ఫిబ్రవరిలో రాంచో శాన్ ఆంటోనియోలో ఆరేళ్ళ పాప మీదికి పొదలోంచి వచ్చింది. పక్కనున్న పెద్దమనిషి దాన్ని నెట్టేశారు, పాప చిన్న గాయాలతో బయటపడింది. రెండు చోట్లా పెద్దవాళ్ళు బాగా దగ్గర్లో ఉండటమే పిల్లల్ని కాపాడింది. అందుకే పాప విషయంలో నా మాట ఒక్కటే, దానికి మినహాయింపు లేదు: ట్రైల్ మీద పాప మీ ముందు పరిగెత్తకూడదు, వెనక పడకూడదు, ఇద్దరు పెద్దవాళ్ళ మధ్యన నడవాలి.

అమ్మగారి భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో మూడేళ్ళ బాబును చిరుత నోట కరుచుకుపోయి వదిలేసింది, ఆగస్టులో ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది. ఆ తర్వాత బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని నడకదారిలోకి పంపలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. అదంతా చూసి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఎవరూ బోను పెట్టకపోవడం నిర్లక్ష్యంగానే తోస్తుంది. కానీ చిరుతకీ దీనికీ బతుకుతెరువు వేరు. చిరుత ఊరి అంచున కుక్కల మీద, పందుల మీద కూడా బతికేయగలదు. ప్యూమా తిండిలో ఇక్కడ సింహభాగం జింకలదే. పెద్ద మగది అరవై కిలోల పైన తూగుతుంది, ఆడది ముప్ఫై నుంచి నలభై. అంత ఒంటికి వారానికో జింక అటూఇటుగా చాలు. మనిషి గొంతు వినపడితే తిండి వదిలేసి పోయే రకం.

ఈ చివరి ముక్క ఊరడింపుకి అన్నది కాదు. ఈ కొండల్లోనే శాంటా క్రూజ్ యూనివర్సిటీ పరిశోధకులు ప్యూమాలు చంపి దాచుకున్న జింకల దగ్గర స్పీకర్లు పెట్టారు. ప్యూమా తినడానికి రాగానే కొన్నిసార్లు కప్పల అరుపులు, కొన్నిసార్లు రేడియోలో మాట్లాడే మనుషుల గొంతులు వినిపించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. కప్పలకి చలించలేదు. మనిషి గొంతుకి చాలావరకు పారిపోయాయి, తినే సమయం సగానికి పైగా తగ్గింది. అంతకు రెండేళ్ళ ముందు అదే బృందం ఇంకోటి తేల్చింది: ఇళ్ళు ఎక్కువున్న చోట ఆడ ప్యూమాలు 36 శాతం ఎక్కువ జింకల్ని చంపుతున్నాయి. చంపినదాన్ని మన అలికిడికి భయపడి సగంలో వదిలేసి, మళ్ళీ వేటాడాల్సి వస్తోంది కాబట్టి. దాని వల్ల మనకున్న బెడద కన్నా మన వల్ల దానికున్న బెడదే పెద్దది.

నాన్నగారికి ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ఐదున్నరకి కాక తెల్లగా వెలుగొచ్చాక బయల్దేరమనండి. ప్యూమా ఎక్కువగా తిరిగేది మునిమాపు నుంచి పొద్దు పొడిచేదాకా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రవచనం వింటూ నడవొద్దు. దానికి బదులు ఒంగోలుకి ఫోన్ చేసి మాట్లాడుకుంటూ నడవమనండి. మన నాన్నగార్లు ఇండియాకి ఫోన్లో మాట్లాడే స్థాయి తెలిసిందే కదా, ఈ కొండల్లో అంతకన్నా మంచి రక్షణ లేదు.

పట్టించి పంపేయడం దగ్గరికి వద్దాం. పెద్ద మగ ప్యూమా ఇలాకా నూరు చదరపు మైళ్ళు దాటుతుంది. అందులో రెండు మూడు ఆడవి ఉంటాయి, ఇంకో పెద్ద మగదాన్ని మాత్రం రానివ్వదు. అడ్డొస్తే చంపేస్తుంది. కూనలు ఏడాది, ఏడాదిన్నర దాకా తల్లితో తిరుగుతాయి, ఆ తర్వాత సొంత చోటు వెతుక్కుంటూ బయల్దేరుతాయి. వేట పూర్తిగా చేతకాని, రోడ్లు ఎరగని వయసు అది. 2014 మేలో మౌంటెన్ వ్యూలో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చిక్కుకున్నది ఇలాంటి కుర్ర మగదే. నన్ను పిలిచిన దొడ్లలో కూడా చాలాసార్లు పాదముద్రలు చిన్నవే. ఇప్పుడు మీ కొండకి అలవాటుపడ్డ పెద్ద మగదాన్ని తీసేశారనుకోండి. ఖాళీ అయిన చోటుకి వచ్చేవి ఈ కుర్రవే, ఒకటి కాదు, రెండు మూడు ఒకేసారి. వేట గట్టిగా సాగించిన ప్రాంతాల్లో మరుసటి ఏడు ఫిర్యాదులు, పశునష్టం తగ్గకపోగా పెరిగాయని వాషింగ్టన్ రాష్ట్రం లెక్కలతో 2013లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ లెక్కకట్టిన తీరుతో ఏకీభవించనివాళ్ళు ఉన్నారు. నాకు కనపడుతున్నది మాత్రం అదే వైపు మొగ్గుతోంది.

పోనీ చంపకుండా దూరంగా వదిలితే? ఎక్కడ వదిలినా అది ఇంకో మగదాని ఇలాకాయే. అక్కడ దాని చేతిలో చావాలి, లేదా మధ్యలో ఫ్రీవేలు దాటుకుంటూ వెనక్కి రావాలి. ఊళ్ళో చిక్కుకున్నదాన్ని మత్తిచ్చి పక్క కొండలోకి చేర్చడం వేరు, అది చేస్తారు. కొండల్లో తన మానాన తానున్నదాన్ని ఎత్తుకెళ్ళడం వేరు, అది చేయరు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1907 నుంచి 1963 దాకా ఇదే రాష్ట్రం ప్యూమాని చంపి తెచ్చినవాళ్ళకి డబ్బిచ్చింది, అలా చచ్చినవి పన్నెండు వేల పైమాటే. 1972లో సరదా వేట ఆపారు. 1990లో ప్రొపోజిషన్ 117 అనే ప్రజా ప్రతిపాదనను ఓటర్లే గెలిపించి దాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న జంతువుగా చేశారు, 1996లో దాన్ని సడలించబోతే మళ్ళీ ఓటర్లే ఓడించారు. 2012 చివర్లో హాఫ్ మూన్ బేలో ఒక ఇంటి దగ్గర రెండు కూనల్ని కాల్చేశాక గొడవ పెద్దదై, తక్షణ ప్రమాదం లేనప్పుడు ప్రాణం తీయని పద్ధతులే వాడాలని ఇంకో చట్టం వచ్చింది. పశువుల్నో మేకల్నో చంపితే యజమాని పర్మిట్ అడగొచ్చు. డ్రైవ్‌వేలో నడిచినందుకు ఎవరూ ఇవ్వరు.

ఎప్పుడైనా మీ పెరటి చివర, వాగు వైపు, కొత్తగా ఆకుల కుప్ప కనిపించొచ్చు. దాన్ని గుర్తుపట్టడం తెలిసి ఉంటే మంచిది. చుట్టూ రెండు మూడు అడుగుల మేర నేల చీపురేసి ఊడ్చినట్టు ఉంటుంది, ఆ ఆకులు, గడ్డి, మట్టి అంతా మధ్యలోకి గీరి పోసి ఉంటుంది. కుప్పలోంచి ఒక గిట్టో, చెవో బయటికి కనిపిస్తుంది. కొంచెం పక్కన జింక బొచ్చు కుచ్చులుగా రాలి ఉంటుంది, తినేముందు ప్యూమా పళ్ళతో బొచ్చు పీకేస్తుంది. పక్కటెముకల వెనక వైపు తెరిచి గుండె, కాలేయం ముందు తింటుంది. జీర్ణాశయం ముట్టదు, విడిగా లాగి పడేస్తుంది. కయోటీలు, అంటే ఇక్కడి నక్కల్లాంటి జంతువులు, తిన్నదైతే ఇంత పద్ధతి ఉండదు, ముక్కలు తలో దిక్కున పడుంటాయి. తడి మట్టిలో అడుగు చూడండి: మూడంగుళాల పైన వెడల్పు, గోళ్ళ గుర్తులు పడవు, మడమ మెత్త కింది అంచు మూడు పాయలుగా ఉంటుంది. కుక్క అడుగైతే గోళ్ళు దిగి ఉంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో ప్యూమా అడుగులంటూ తిరిగే ఫోటోల్లో ఎక్కువ భాగం పెద్ద కుక్కలవే.

అలాంటి కుప్ప కనపడితే మీరు లాగి పారేయకండి, దగ్గరికే వెళ్ళకండి. ప్యూమా దగ్గర్లోనే పడుకుని ఉంటుంది, ఇంకో రెండు మూడు రోజులు రాత్రిళ్ళు వచ్చి తినిపోతుంది. పాపని, కుక్కని లోపలే ఉంచి రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఫోన్ చేయండి. ఇంటికి మరీ దగ్గరైతే కళేబరాన్ని తీయించే దారి వాళ్ళు చెబుతారు.

ఇప్పుడు పెరడు. ప్యూమా రాకుండా చేయాలంటే జింక రాకుండా చేయాలి. పొరుగున ఎవరో జింకలకి ఆపిల్ ముక్కలు, గింజలు వేస్తుంటారు, ప్రతి వీధికీ ఒకరుంటారు. అది ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం, మొహమాటపడకుండా చెప్పండి. రాలిన పెర్సిమన్ పళ్ళు ఏ రోజుకారోజు ఎత్తేయండి. గులాబీలు జింకలకి ఎంత ఇష్టమో అమ్మగారికి ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. వాటికి కంచె కట్టండి, లేదా జింక ముట్టని రోజ్‌మేరీ, లావెండర్ వేయండి. ఇంటి గోడకి ఆనుకున్న దట్టమైన పొదలు కొట్టించేయండి, డెక్ కింద ఖాళీకి జాలీ వేయించండి. కుక్క గిన్నె రాత్రి బయట పెట్టకండి, దానికి రకూన్లు వస్తాయి, వాటి వెనక ఇంకోటి వస్తుంది.

చిన్న కుక్క సంగతి కొంచెం కఠినంగా చెప్పాలి. చీకటి పడ్డాక దాన్ని పెరట్లోకి ఒంటరిగా వదలకూడదు. ప్యూమా పదిహేను అడుగుల ఎత్తుకి ఎగరగలదు, మీ ఆరడుగుల కంచె దానికి లెక్కలోది కాదు. ముందు ముందు మేకలో కోళ్ళో పెంచే ఆలోచన ఉంటే రాత్రి దొడ్డికి నాలుగు వైపులా గట్టి వలతో పాటు పైకప్పు కూడా ఉండాలి. పర్మిట్ల దాకా వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం కప్పులేని దొడ్లలో పెంచుకున్న మేకలు, గొర్రెల మీదే. కప్పు వేసిన మరుసటి రోజు నుంచి ఆ గొడవ ఉండదు. మేకలు పోయాక కట్టేవాళ్ళే ఎక్కువ, పోకముందు కట్టేవాళ్ళు నాకు అరుదుగా కనపడతారు.

ఎలుకల మందు గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. లాస్ ఏంజెలెస్‌లో పీ-22 అనే ప్యూమా కథ వినే ఉంటారు. శాంటా మోనికా కొండల్లో పుట్టి, 405, 101 ఫ్రీవేలు రెండూ దాటి గ్రిఫిత్ పార్కుకి చేరింది, 2012లో కెమెరాకి చిక్కింది. పది చదరపు మైళ్ళ లోపు చోటులో, నగరం నడిబొడ్డున, జోడు లేకుండా పదేళ్ళు బతికింది. హాలీవుడ్ అక్షరాల కింద నడుస్తున్న దాని ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 2014లో ఒళ్ళంతా గజ్జి పట్టి దొరికింది, రక్తంలో ఎలుకల మందు ఉంది. మందు తిన్న ఎలుకని చిన్న జంతువు తింటుంది, దాన్ని ప్యూమా తింటుంది. అప్పటికి చికిత్సతో కోలుకుంది. శాంటా మోనికా ప్రాంతంలో పరీక్షించిన ప్యూమాల్లో దాదాపు అన్నింటిలోనూ ఈ విషం కనపడింది. 2020లో వాటిలో బలమైన రకాల మీద కాలిఫోర్నియా ఆంక్షలు పెట్టింది, తర్వాత ఇంకొన్ని చేర్చింది. మినహాయింపులు ఇంకా ఉన్నాయి. మీ హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్టులో ఏ మందు వాడుతున్నారో కనుక్కోండి. నల్ల డబ్బాలు బయట కనిపిస్తే లోపల ఏముందో అడగండి. బోను, స్నాప్ ట్రాప్ చాలు. ప్యూమాని పట్టించమని గ్రూపులో అరిచేవాళ్ళ శక్తి ఈ కాంట్రాక్టు మీద పెట్టించగలిగితే మీ వీధికి మేలు చేసినవారవుతారు.

పీ-22 చివరి రోజుల్లో ఇంకో పాఠం ఉంది. 2022 నవంబరులో అది పట్టీతో నడుస్తున్న చిన్న కుక్కని చంపింది. డిసెంబరులో పట్టి చూస్తే వాహనం కొట్టిన దెబ్బకి పుర్రె చిట్లి ఉంది, మూత్రపిండాలు పాడయ్యాయి. డిసెంబరు 17న దయామరణం ఇచ్చారు. ముసలిదై, దెబ్బతిన్న ప్యూమా చేసే పని ఆరోగ్యంగా ఉన్నది మామూలుగా చేయదు. కాబట్టి మీ కెమెరాలో ఎప్పుడైనా కుంటుతున్నది, బాగా చిక్కిపోయింది, పట్టపగలు ఇంటి చుట్టూ తచ్చాడుతున్నది కనపడితే, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయండి.

అసలు వీటి భవిష్యత్తు తేలేది రోడ్ల దగ్గర. ఫ్రీవేల మధ్య ఇరుక్కుని దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టాల్సి రావడంతో శాంటా మోనికా కొండల్లో తోక వంకరపోయినవి పుడుతున్నాయని 2020లో బయటపడింది. ఫ్లోరిడాలో ఇదే ముదిరి ముప్ఫై లోపుకి పడిపోతే 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలితే గానీ ఆ జాతి నిలబడలేదు. ఆ అవస్థ రాకూడదనే అగూరా హిల్స్‌లో 101 మీద పది లేన్లు దాటేలా, రోజుకి మూడు లక్షల పైన వాహనాలు పోయే చోట, జంతువుల కోసమే వంతెన కడుతున్నారు. 2022 ఏప్రిల్ 22న పని మొదలైంది. మనవైపు హైవే 17 మీద లారెల్ కర్వ్ దగ్గర రోడ్డు కింద నుంచి దారి చేశారు. పన్నులు దేనికి పోతున్నాయో అని గ్రూపులో విసుక్కునేవాళ్ళకి ఒక లెక్క చెప్పండి. ప్యూమాలు అంతరించిపోయిన తూర్పు రాష్ట్రాలకి అవి తిరిగొస్తే జింకలు తగ్గి, ముప్ఫై ఏళ్ళలో జింకల్ని కార్లు గుద్దే ప్రమాదాల్లో 155 మంది చావు తప్పుతుందని 2016లో ఒక అధ్యయనం అంచనా కట్టింది.

ఎదురుపడితే ఏం చేయాలో నాన్నగారికి, పాపకి ఇంట్లోనే ఒకసారి ఆడించి చూపించండి. పరిగెత్తకూడదు, అది అన్నిటికన్నా ముఖ్యం. వెన్ను చూపకూడదు, కూర్చోకూడదు, వంగకూడదు. చూపు తిప్పకుండా నిలబడి, చేతులు పైకెత్తి, జాకెట్ రెక్కలు చాపి పెద్దగా కనపడాలి. గట్టిగా, బొంగురు గొంతుతో అరవాలి, తెలుగులో అరిచినా సరిపోతుంది. వంగకుండానే పాపని ఎత్తుకోవాలి, దానికి పోయే దారి వదిలి మెల్లగా వెనక్కి జరగాలి. చేతిలో ఉన్నది విసరాలి. నాన్నగారికి ఒక హైకింగ్ కర్ర కొనివ్వండి, అలిపిరిలో ఇచ్చినట్టే అనుకుంటారు, పనికీ వస్తుంది. మీద పడితే చచ్చినట్టు పడుకోవడం ఎలుగుబంటి దగ్గర చెప్పే సలహా, ఇక్కడ కాదు. మెడ కాపాడుకుంటూ ఎదురు తిరిగి కొట్టాలి. పికెట్టిలో, రాంచోలో అది వదిలేసింది పెద్దవాళ్ళు ఎదురు తిరిగారు కనకే.

మీ వీడియోని వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్సిడెంట్ రిపోర్ట్ అని ఉంటుంది, తేదీ, సమయంతో అక్కడ పెట్టండి. గ్రూపులో పెట్టేటప్పుడు ఇంటి నంబరు కనపడకుండా చూసుకోండి. మెడకి కాలర్ ఉందేమో, చెవికి ట్యాగ్ ఉందేమో ఫ్రేము ఆపి చూసి ఇక్కడ రాయండి. ఉంటే అది ఎంత వయసుదో, మీ కొండదేనో కనుక్కునే వీలుంటుంది.